పేపర్ గుజ్జుకు పోయే జామాయిల్‌తో దూలాలు చేయవచ్చా? ఎం.టెక్ ప్రాజెక్టుకు సలహా కావాలి

సత్తుపల్లి సివిల్:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ చేస్తున్నాను. ప్రాజెక్టు టాపిక్ ఈ నెలాఖరుకల్లా ఇచ్చేయాలి. మా బ్యాచ్‌లో ఎక్కువమంది ఫ్లై యాష్ కాంక్రీటో, జియోపాలిమర్ కాంక్రీటో తీసుకున్నారు. నాకేమో కలప మీద చేయాలని ఉంది.

మాది సత్తుపల్లి దగ్గర పల్లె. నాన్న జామాయిల్ (యూకలిప్టస్) వేస్తారు. నాలుగేళ్లకోసారి నరికించి, తొక్క తీయించి, లారీకెత్తి సారపాక పేపర్ మిల్లుకు పంపిస్తారు. మోళ్ల నుంచి మళ్లీ చిగురు వస్తుంది, మళ్లీ అదే వరస. కర్ర ఎంత నిటారుగా పెరిగినా, ఎంత గట్టిగా ఉన్నా లెక్క మాత్రం టన్నుల్లోనే. టేకును సీఎఫ్‌టీ (ఘనపు అడుగు) లెక్కన ముడీ పగులూ చూసి కొంటారు. మా కర్రను అలా తిప్పి చూసినవాళ్లు ఎవరూ లేరు. మా పశువుల కొట్టానికి వాసాలన్నీ జామాయిలే. నేను బడికి వెళ్లే రోజుల నుంచీ అవే ఉన్నాయి, ఒక్కటీ మార్చలేదు.

సెమినార్ కోసం చదువుతున్నప్పుడు వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ హాస్టల్ గురించి తెలిసింది. బ్రాక్ కామన్స్ అంటారు, 2017లో పూర్తయింది, 18 అంతస్తులు. కింది అంతస్తు, లిఫ్టులు, మెట్లు ఉండే కోర్‌లు కాంక్రీటువి. మిగతా అంతస్తుల్లో స్తంభాలు అతికించిన కలపతో, స్లాబులు సి.ఎల్.టి. (చిన్న పలకలను నిలువుగా, అడ్డంగా వరసలు పేర్చి అతికించిన పెద్ద పలక)తో కట్టారు. బాగుంది కానీ అక్కడి చెట్లు వేరు కదా అనుకున్నాను. ఆ తర్వాత టాస్మేనియా యూనివర్సిటీ పరిశోధన కంటబడింది. అక్కడ పేపర్ గుజ్జు కోసమే పెంచిన యూకలిప్టస్ నైటెన్స్‌ను పలకలుగా కోసి, అతికించి, కట్టడాలకు పనికొస్తుందేమో పరీక్షిస్తున్నారు. గుజ్జు కోసం నాటిన చెట్టు! మా చేలో ఉన్నదీ అదే కదా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా గైడ్ గారు కాదనలేదు. కానీ ‘మన దగ్గర అతికించిన పలకలు నొక్కే ప్రెస్ లేదు, చెక్క ఆరబెట్టే కిల్న్ లేదు, ఏం కొలుస్తావు? కొలిచినా ఇక్కడ ఎవరు కడతారు?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కలపతో పనిచేసేవాళ్లు, దాని మీద పరిశోధన చేసినవాళ్లు ఉంటే చెప్పండి. నాలుగేళ్ల జామాయిల్‌తో దూలం చేయడం అసలు సాధ్యమేనా? యూటీఎం (ముక్కలను లాగి, వంచి, విరిచి బలం కొలిచే మిషను), ఓవెన్ తప్ప ఇంకేమీ లేని కాలేజీలో ఇందులో ఏ ముక్క చేయగలను?

ముషీరాబాద్ అడితి:

తమ్మీ, మా నాయన కాలం నుంచి ముషీరాబాద్‌లో కలప అడితి నడుపుతున్నాం. ఉన్నది ఉన్నట్టు చెప్తా, నిరుత్సాహపడకు.

జామాయిల్ దుంగ నరికిన కొద్ది రోజులకే చివర్లలో చుక్కలా నాలుగు వైపులా పగులుతుంది. సామిల్లులో రంపం పెడితే పలక కోస్తుండగానే విల్లులా వంగిపోతుంది. ఆరబెట్టాక మెలి తిరుగుతుంది. తెల్లచెక్కకు పురుగు పడుతుంది. అందుకే దాన్ని సెంట్రింగ్‌కు, ప్యాకింగ్ పెట్టెలకు వాడతాం. దర్వాజాలకు ఎవరూ అడగరు. కస్టమర్‌కు టేకు కావాలి. నిర్మల్, ఆదిలాబాద్ టేకు దొరకడం తగ్గిపోయి ఇప్పుడు ఘనా, బ్రెజిల్ టేకు అమ్ముతున్నాం.

ఒక మాట మాత్రం నిజం. కేరళ నుంచి రబ్బరు చెక్క ఫింగర్ జాయింట్ బోర్డులు వస్తాయి, ముక్కల చివర్లు వేళ్లలా కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికిస్తారు. పాలు ఆగిపోయిన చెట్టును ఒకప్పుడు పొయ్యిలోకి వాడేవాళ్లు. ఇప్పుడు ముక్కలు అతికించి, మందు పట్టించి ఫర్నిచర్ చేస్తున్నారు. చూడ్డానికి బాగుంటుంది, గట్టిగానూ ఉంటుంది. మీ జామాయిల్‌కు కూడా ఎవరైనా అట్లా దారి చూపిస్తే కొనడానికి నేను రెడీ. నువ్వు ముక్కలు తెచ్చుకో. రంపం, చిత్రిక మిషను మా దగ్గర ఉన్నాయి, డబ్బులు వద్దు. ఫెవికాల్ పూసి క్లాంపులు వేసి ఇస్తా.

కలప ల్యాబ్:

ఈ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది. నా పీహెచ్‌డీ కలప జిగుర్ల మీదే. హైదరాబాద్ వచ్చాక ఈ విషయం మాట్లాడేవాళ్లే దొరకలేదు. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు తమ్ముడూ.

ముందు ఒక సంగతి. సి.ఎల్.టి. కూడా పెద్ద పెద్ద దేవదారుల నుంచి పుట్టలేదు. 1990లలో ఆస్ట్రియాలోని గ్రాజ్ టెక్నికల్ యూనివర్సిటీలో గెర్హార్డ్ షిక్‌హోఫర్ దాని మీద పనిచేశారు. సామిల్లుల్లో దుంగ పక్కల నుంచి వచ్చే పలకలకు సరైన ధర పలికేది కాదు. వాటిని ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చి అతికిస్తే గోడకూ స్లాబుకూ సరిపోయే పెద్ద పలక తయారవుతుందని ఆ పని చూపించింది. కలప రంగంలో పెద్ద గౌరవంగా భావించే మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి ఆయనకు 2019లో వచ్చింది. తక్కువ ధర కలపకు విలువ కట్టించడం నుంచే ఈ పరిశ్రమ మొదలైంది. మీ నాన్నగారి కర్ర కథ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక అన్నగారు చెప్పిన ఇబ్బందులు. అన్నీ నిజమే. దుంగ పగలడానికి, పలక వంగడానికి కారణం ఒక్కటే. యూకలిప్టస్ పెరిగేటప్పుడు బయటి పొరలు మంచానికి లాగి బిగించిన నవారులా ఎప్పుడూ బిగుతులో ఉంటాయి, లోపలి భాగం నొక్కుకుపోయి ఉంటుంది. రంపం పెట్టగానే ఆ బిగువు వదులుతుంది, పలక వంగుతుంది. లావు దుంగల్లో దీన్ని కొంత సర్దుకోవచ్చు. సన్న దుంగల్లో కష్టం. నాలుగేళ్ల చెట్టుకు ఇంకో సమస్య కూడా ఉంది. అందులో దాదాపు అంతా లేత చెక్కే. దాని కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులు నిలువుగా కాకుండా ఏటవాలుగా చుట్టుకుని ఉంటాయి. అందువల్ల బిర్రు, అంటే బరువుకు వంగకుండా నిలిచే గుణం, తక్కువ. మామూలుగా చెక్క నిలువునా దాదాపు కుంచించుకోదు, ఈ లేత చెక్క నిలువునా కూడా కుంచించుకుంటుంది.

దీనికి ప్రపంచంలో రెండు మూడు దారులు వెతికారు. దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బాష్ యూనివర్సిటీ వాళ్లు తక్కువ వయసు యూకలిప్టస్ గ్రాండిస్ మీద పనిచేశారు. చెక్క పచ్చిగా ఉండగానే, ఆరి మెలి తిరగకముందే, తేమతో గట్టిపడే పాలియురేథేన్ జిగురుతో ఫింగర్ జాయింట్ వేసి అతికించడం వాళ్ల దారి. ఇంకొకటి, పలకగా కోయకుండా పెన్సిల్ చెక్కినట్టు దుంగను తిప్పుతూ పల్చటి పొరగా తీసి, పొరలన్నీ నిలువుగానే అతికించడం. దాన్ని ఎల్.వి.ఎల్. అంటారు. మనకు ఐ.ఎస్. 14616 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. హర్యానాలోని యమునానగర్‌లో రైతులు పెంచిన పాప్లర్, యూకలిప్టస్ సన్న దుంగల నుంచే ప్లైవుడ్ తీస్తున్నారు. కాబట్టి పొర తీసే మిషన్లు మన దేశానికి కొత్త కాదు.

అన్నగారూ, మీరు ఇస్తానన్న సాయం పెద్దది. కానీ దూలానికి ఫెవికాల్ వద్దండీ. తెల్ల జిగురు ఫర్నిచర్‌కు చక్కగా పనిచేస్తుంది. ఎప్పుడూ బరువు మోసే చోట మాత్రం అది మెల్లగా జారుతుంది, వేడికి మెత్తబడుతుంది. రేకుల కింద మే నెల ఎండలో దూలం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. దూలానికి ఫినాల్ రెసార్సినాల్, మెలమిన్ లేదా పాలియురేథేన్ జిగుర్లు కావాలి. యూకలిప్టస్ లాంటి బరువైన చెక్కలోకి జిగురు ఇంకడం కష్టం కాబట్టి, చిత్రిక పట్టిన రోజే అతికించాలి. ఆలస్యమయ్యేకొద్దీ పైతలం జిగురును పట్టుకోదు.

జిగుర్ల మాట వచ్చింది కాబట్టి నాకు చాలా ఇష్టమైన పరిశోధన ఒకటి చెప్పకుండా ఉండలేను. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో కైచాంగ్ లీ అనే శాస్త్రవేత్త, సముద్రపు ఆల్చిప్పలు అలల తాకిడిలో కూడా రాళ్లను వదలకపోవడం చూసి, వాటి ప్రోటీన్‌లో ఉన్న ఆ గుణాన్ని సోయా పిండిలోని ప్రోటీన్‌కు తెచ్చారు. కళ్లు మండించే ఫార్మాల్డిహైడ్ వాయువు లేని ప్లైవుడ్ జిగురు వచ్చింది. 2007లో అమెరికాలో గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు కూడా అందుకుంది. అది ఇంటి లోపల వాడే ప్లైవుడ్‌కు, దూలాలకు కాదు. అయినా కొత్త ఫ్లాట్‌లో అల్మారా తలుపు తీయగానే కళ్లు మండే మనకు, ఆదిలాబాద్‌లో సోయా పండించుకునే మనకు, ఈ పని పరాయిది కాకూడదు.

మణికొండ ఆర్కిటెక్ట్:

మంచి చర్చ. నావి రెండు మాటలు, ఒకటి అనుకూలం, ఒకటి అభ్యంతరం.

శంకర్‌పల్లి వైపు ఒక ఫామ్‌హౌస్ పైకప్పుకు మేం ఐరోపా నుంచి గ్లూలామ్ (పలకలన్నీ నిలువుగా అతికించి చేసిన) దూలాలు తెప్పించాం. కంటైనర్‌లో సముద్రం దాటి వచ్చాయి. కలప పర్యావరణానికి మంచిదని క్లయింట్‌కు నేనే చెప్పాను. మూడు వందల కిలోమీటర్ల లోపల ఇంత కర్ర గుజ్జుకు పోతుంటే ఎక్కడి నుంచో తెప్పించాల్సి రావడం నాకు ఇప్పటికీ నచ్చదు. క్లయింట్లు మొదట అడిగేది నిప్పు గురించి. లావు దూలం అగ్గిపుల్లలా అంటుకోదు. పైన బొగ్గు పొర కడుతుంది, ఆ పొరే లోపలి చెక్కను కాపాడుతుంది. యూరోపియన్ కోడ్ లెక్కలో మెత్త జాతుల గ్లూలామ్‌కు కాలే వేగం నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్లు. అంటే గంటకు ఒక్కో వైపు 4 సెంటీమీటర్లు పోతుందని ముందే లెక్కేసి దూలాన్ని లావుగా చేస్తారు. అమెరికా 2021 బిల్డింగ్ కోడ్ 18 అంతస్తుల వరకు కలప భవనాలను అనుమతిస్తోంది. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో కూడా ఆరో భాగంలో కలపకు, వెదురుకు విడిగా సెక్షన్ ఉంది. కేంద్ర ప్రజా పనుల శాఖ తన కట్టడాల్లో కలప వాడకంపై ఉన్న నిషేధాన్ని 2020లో ఎత్తేసింది. దారి మూసుకుపోలేదు.

అభ్యంతరం ఏమిటంటే, జామాయిల్ నీళ్లు లాగేస్తుందని పల్లెల్లో అందరూ అంటారు. బోర్లు ఎండే చోట దాన్ని ఇంకా నాటమని చెప్పే పరిశోధన ‘సస్టైనబుల్’ ఎలా అవుతుంది?

కలప ల్యాబ్:

ఈ అభ్యంతరం నేను తేలిగ్గా తీసుకోను. వేగంగా పెరిగే చెట్టు ఏదైనా నీళ్లు ఎక్కువే వాడుతుంది, దగ్గర దగ్గరగా నాటితే మరీనూ. కానీ నేను కోరేది ఇంకా నాటమని కాదు. ఇప్పటికే ఉన్న తోటల్లో మంచి కర్రను గుజ్జు నుంచి పక్కకు తీయమని. దూలానికి పనికొచ్చే చెక్క కావాలంటే చెట్లను ఎడంగా ఉంచి, కొన్నిటిని ఎనిమిది, పదేళ్ల వరకు నిలబెట్టాలి. అలా ఉంచితే రైతుకు ఎంత గిట్టుతుంది, నేలలో నీరు ఎంత మిగులుతుంది అన్నది కూడా ఎవరో ఒకరు కొలవాలి. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీ, దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ రెండూ నగరానికి దగ్గరే. సివిల్ వాళ్లు అక్కడికి వెళ్లి తలుపు తట్టాలి. మలబార్ వేప, సుబాబుల్, సరుగుడు కూడా ఈ లెక్కలోకి రావాలి. ఒక్క చెట్టు మీదే ఆధారపడటం నాకూ ఇష్టం లేదు.

కార్బన్ లెక్క కూడా నిజాయితీగా వేయాలి. పొడి కలప బరువులో దాదాపు సగం కార్బనే. ఘనపు మీటరుకు 500 కిలోలు ఉండే చెక్కలో సుమారు 900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కార్బన్ ఉంటుంది. కాగితమైతే కొద్ది ఏళ్లలోనే చాలావరకు గాలిలోకి తిరిగిపోతుంది. దూలమైతే ఇల్లు ఉన్నన్నాళ్లూ నిలుస్తుంది. ఇందులోంచి కిల్న్ కరెంటు, లారీ డీజిల్, జిగురు తయారీ తీసేయాలి. నరికిన చోట మళ్లీ పెరగకపోతే ఈ లెక్కంతా చెల్లదు.

సత్తుపల్లి సివిల్:

మేడమ్, అడితి అన్నా, ఆర్కిటెక్ట్ గారూ, ముగ్గురికీ చాలా థ్యాంక్స్. మా గైడ్ గారికి ఈ థ్రెడ్ చూపించాను, ‘చిన్నగా తీసుకో, కానీ గట్టిగా చెయ్యి’ అన్నారు. ప్రెస్ లేకుండా, కిల్న్ లేకుండా నేను చేయగలిగిన ముక్క ఏది మేడమ్? ఇంకో మాట. స్టీలు కన్నా గట్టి చెక్క అని ఒక వీడియో తిరుగుతోంది. అది నిజమేనా, నాకేమైనా పనికొస్తుందా?

కలప ల్యాబ్:

ఆ పని నిజమైనదే. మేరీలాండ్ యూనివర్సిటీలో లియాంగ్‌బింగ్ హూ బృందం 2018లో ‘నేచర్’లో ప్రచురించింది. చెక్కను సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైట్ ద్రావణంలో ఉడికించి, చెక్క పోగులను పట్టి ఉంచే లిగ్నిన్‌లో కొంత తీసేసి, వేడి మీద నొక్కుతారు. మందం ఐదో వంతుకు దిగుతుంది, బలం పది రెట్లకు పైగా పెరుగుతుంది. గొప్ప పని, కానీ నీ ప్రాజెక్టు అది కాదు. నువ్వు మనవాళ్లు ఎవరూ పట్టించుకోని చిన్న పని చెయ్యి. మన తోటల్లోని కర్ర బిర్రు ఎంత, అది చెట్టు వయసుతో, చెట్టు మధ్య నుంచి దూరంతో ఎలా మారుతుంది అన్నది కొలువు. ఇంజనీరు డిజైన్ చేయాలంటే ముందు ఆ అంకె చేతిలో ఉండాలి. ప్రెస్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. అంకెలు లేకుండా ప్రెస్ కొని ఏం లాభం?

ఐ.ఎస్. 1708లో చిన్న నమూనాల పరీక్షలున్నాయి. వంపు పరీక్షకు 2 సెంటీమీటర్ల చదరపు అడ్డుకోత, 30 సెంటీమీటర్ల పొడవు ముక్క చాలు, 28 సెంటీమీటర్ల స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) మీద పెట్టాలి. మీ యూటీఎం సరిపోతుంది, బలాన్ని కొలిచే లోడ్ సెల్ మాత్రం చిన్నది వాడు. పెద్ద లోడ్ సెల్‌తో చిన్న బలాలు సరిగ్గా తెలియవు. ఓవెన్‌తో తేమ శాతం తీసుకో. తేమ రాయని బలం అంకె ఎవరికీ పనికిరాదు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం దాకా పడిపోతుంది, వానాకాలంలో 80 దాకా వెళ్తుంది. ఆ లెక్కన ఆరుబయట చెక్కలో తేమ 6 శాతం నుంచి 15 దాకా ఊగుతుంది. ఎండాకాలంలో ఒక బ్యాచ్, ఆగస్టులో ఒక బ్యాచ్ పరీక్షిస్తే రెండూ రెండు రకాలుగా వస్తాయి. అది తప్పనుకోకు, అదీ నీ ఫలితమే.

ఖర్చు లేని పద్ధతి ఇంకొకటి ఉంది, నాకు చాలా ఇష్టం. పలకను రెండు నురుగు దిమ్మల మీద పెట్టి, ఒక చివర చిన్న సుత్తితో కొట్టి, రెండో చివర ఫోన్ మైకుతో శబ్దం రికార్డు చెయ్యి. కంప్యూటర్‌లో వేసి మోగిన పౌనఃపున్యం చూడు. పొడవు, సాంద్రత తెలిస్తే బిర్రు వచ్చేస్తుంది: సాంద్రత ఇంటూ 4 ఇంటూ పొడవు వర్గం ఇంటూ పౌనఃపున్యం వర్గం. ఉదాహరణకు 2 మీటర్ల పలక ఘనపు మీటరుకు 650 కిలోల సాంద్రతతో 1100 హెర్ట్జ్ దగ్గర మోగితే, సుమారు 12.6 గిగాపాస్కల్స్. కలప కట్టడాల డిజైన్ ప్రమాణం ఐ.ఎస్. 883లో ‘ఎ’ గుంపు కలప మొదలయ్యేది సరిగ్గా అక్కడే. 9.8 నుంచి 12.6 వరకు ‘బి’, 5.6 నుంచి 9.8 వరకు ‘సి’. మీ నాన్నగారి కర్ర వీటిలో ఏ గుంపులోకి వస్తుందో ఒక సుత్తి, ఒక ఫోన్, ఒక తక్కెడతో మొదటి అంచనా వేయొచ్చు. ఆ తర్వాత అదే పలకల నుంచి ముక్కలు కోసి యూటీఎంలో విరిచి, రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూపించు. అవి కలిస్తే రేపు లారీకెత్తే ముందు చేను గట్టు మీదే కర్రలు ఏరవచ్చు. ఆ రోజు టన్ను లెక్క మారుతుంది.

జిగురు ముక్కలు కూడా కొన్ని చెయ్యి, అన్నగారి క్లాంపులు చాలు. నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి జిగురు గీత తెరుచుకుందేమో చూడు. మెరైన్ ప్లైని 72 గంటలు ఉడకబెట్టి పరీక్షిస్తారని అన్నగారికి తెలుసు. నీ దూలం ముక్కకు కూడా ఆ స్థాయి పరీక్ష పెట్టు, దయ చూపించకు.

ముషీరాబాద్ అడితి:

మేడమ్ గారూ, సుత్తితో కొట్టి చూడటం మాకు తెలిసిన పనే. టేకు దుంగ చేవదేలిందా లేదా అని మా నాయన గొడ్డలి వెనకతో కొట్టి వినేవాడు. దాని వెనక ఇంత లెక్క ఉందని ఇవాళే తెలిసింది. తమ్మీ, ఆదివారం తప్ప ఏ రోజైనా రా. పాలియురేథేన్ జిగురు రాణీగంజ్‌లో అడిగి పెడతా.

సత్తుపల్లి సివిల్:

నాన్నకు ఫోన్ చేశాను. సంక్రాంతి తర్వాత కోత ఉందట. గట్టు వెంబడి ఎప్పుడో వదిలేసిన పెద్ద చెట్లు కొన్ని ఉన్నాయి, వాటినీ ఇస్తానన్నారు. పెద్ద వయసు కర్ర కూడా దొరికినట్టే. నరికేటప్పుడు నేను చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా మేడమ్?

కలప ల్యాబ్:

ఉన్నాయి. ప్రతి దుంగకూ చెట్టు నంబరు, నేల నుంచి ఎంత ఎత్తులో కోశారో రంగుతో రాయి. తర్వాత రాద్దామంటే కలిసిపోతాయి. నరికిన రోజే రెండు చివర్లకూ కరిగించిన మైనం గానీ, చిక్కటి ఎనామెల్ పెయింట్ గానీ దట్టంగా పూయి. లేకపోతే అన్నగారు చెప్పిన చుక్క పగులు వచ్చేస్తుంది. ఎండలో వదలొద్దు, నీడలో, నేలకు తగలకుండా పేర్చు. హైదరాబాద్‌కు రవాణా పర్మిట్ కావాలేమో మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ముందే అడుగు. చెట్లు నరికే ముందు రోజు నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు. సెలవు దొరికితే నేనూ వస్తాను.